లోతూరులో అడ్డపొగ

నమోదు 61

గాలి మామూలు. తేమ కొంచెం ఎక్కువ. రొయ్యల షెడ్డులో మసి, ఉండకూడనంత.

రాసింది వాసుపల్లి ముత్యాలు, లోతూరు గాలి కాపరి. ఈ చిట్టాలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని గట్టు మీది ఆఫీసువాళ్ళు నేను చేరిన రోజే చెప్పారు. వాళ్ళు చెప్పినవన్నీ వినేదాన్నయితే ఈపాటికి ఊరంతా ఊపిరాడక కొట్టుకునేది. గట్టు మీద కూర్చుని సముద్రం అడుగున ఉన్న ఊరికి గాలి లెక్కలు చెప్పడం తేలికే. ఒక్కసారి దిగి వచ్చి నడుం వంచి జల్లెడలు కడగమనండి, తెలుస్తుంది. అందుకని నాకు తోచింది రాస్తాను. చదివితే చదవనీ.

ఇక మసి సంగతి. మా ఊళ్ళో ప్రతి గది గోడకీ ఒక ముక్కు ఉంటుంది. గాలిలో ఏం కలిసినా పసిగట్టి నా బల్ల మీద గీత గీస్తుంది. షెడ్డు ముక్కు కొన్నాళ్ళుగా గీతలు కాదు, కొండలు గీస్తోంది. జల్లెడ మార్చాను. రొయ్యలు ఆరబెట్టే యంత్రాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. ఫ్యాను రెక్కలకి పట్టిన పొట్టు గీకాను. తల ప్రాణం తోకకి వచ్చింది గాని కొండలు మాత్రం తగ్గలేదు.

మంట అనుకుందామంటే మా గాలిలో మంట బతకదు. ఇంత లోతులో మనిషికి కావలసినంత ఆక్సిజనే కలుపుతారు, మిగతాదంతా తేలిక వాయువు. అగ్గిపుల్ల గీస్తే ఎర్రటి చుక్క ఒకటి కనబడి పోతుంది, అంతే. ఇక్కడ పుట్టిన పిల్లలకి మంటంటే బొమ్మలో చూపించాల్సిందే. మరి ఈ మసి ఎక్కణ్ణుంచి ఊడిపడుతోందో ఆ సముద్రానికే తెలియాలి.

నమోదు 62

సముద్రానికి కాదు, మా అత్తకి తెలుసు.

ఈ ఉదయం షెడ్డులో నిలబడి ముక్కు వైపు చూస్తున్నాను. మా అత్త దానమ్మ మూలన పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. రెండు చేతులూ ఆడుతున్నాయి, నోరు మాత్రం ఆడడం లేదు. మా అత్త నోరు మూసుకుని కూర్చోవడమన్నది నా జన్మలో చూడలేదు. "ఏటత్తా, ఒంట్లో బాగోనేదేటి?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. కుడి బుగ్గ ఉబ్బి ఉంది. దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ ముక్కులోంచి సన్నటి పొగ వచ్చింది.

"నోరు తెరువు," అన్నాను.

తెరవలేదు. కళ్ళు పెద్దవి చేసి నన్ను భయపెట్టాలని చూసింది. చిన్నప్పుడైతే భయపడేదాన్ని. చివరికి రెండు వేళ్ళతో నోట్లోంచి చుట్ట బయటికి తీసింది. కాలుతున్న కొస లోపల ఉంది, కాలని కొస బయట ఉంది. గాలి తగలగానే నిప్పు నల్లబడిపోయింది.

"ఆర్పేసినావు గదే," అంది కోపంగా. తప్పంతా నాదైనట్టు!

గట్టు వాళ్ళు ఎవరైనా చదువుతూ ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. దీన్ని అడ్డపొగ అంటారు. మా వైపు తీరంలో ఆడవాళ్ళు ఎప్పట్నుంచో చుట్టను ఇలాగే తిప్పి, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, ఒళ్ళో చేపల మీద బూడిద పడదు, చేతులు ఖాళీగా ఉంటాయి. మీరు పెద్ద చదువులు చదివి, మంట బతకని గాలి తయారుచేశారు. మా అత్త నోటి సంగతి మాత్రం ఆలోచించలేదు. ఆ వేడికి, పీల్చే ఊపిరికి నిప్పు అక్కడ హాయిగా బతుకుతోంది. ఆరబెట్టే యంత్రం లోపలి కాయిలుకి ఆనించి అంటిస్తుందట. పొగాకు ఉప్పు బస్తాల్లో వస్తుందట. ఎవరు పంపుతున్నారని అడిగితే, "ఉప్పు పంపినోలు," అంది.

లోతూరులో పొగ తాగితే గట్టు మీదికి పంపేస్తారు. అందరం పీల్చేది ఒకటే గాలి మరి. ఆ పేరు రాసి పంపాల్సింది నేను.

రాయను. ఈవిడ నాకు మేనత్త. మా అమ్మ నన్ను కన్న నెలకే పోయింది, మా నాన్న పడవతో వెళ్ళి పడవతోనే పోయాడు. గట్టు మీద మా ఊరు మునిగిపోతుంటే మా అత్త పెళ్ళీ పెటాకులూ అన్నీ పక్కనపెట్టి, మూడు నెలల గుడ్డుని చంకనేసుకుని ఇక్కడికి దిగింది. నాకు ఇంటికి వెళ్ళడమంటే ఆవిడ దగ్గరికి వెళ్ళడమే.

నమోదు 63

మధ్యాహ్నం భోజనంలో అత్త పులుసు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎప్పట్నుంచి అంటే చెప్పదు. రెక్క పట్టుకుని డాక్టర్ సువర్చల దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరు అంగిట్లోకి లైటు వేసి చూసి, నన్ను కూడా చూడమన్నారు. మా అత్త నోటి పైకప్పు మీద తెల్లటి మచ్చ, దానిలో ఎర్రటి చుక్కలు. పాలపిండి ఒలికినట్టు ఉంది.

"ఇది ఇంకా పుండు కాలేదు. నిప్పు మానేస్తే దానంతటదే తగ్గే అవకాశం ఉంది. మానకపోతే కోయాల్సి వస్తుంది. ఇక్కడ కోయలేను, పైకి పంపాలి," అన్నారు.

పైకి పంపడమంటే ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు. మనుషుల్ని పైకెత్తే తొట్టిని నడిపేది నేనే. వయసులో ఉన్నవాళ్ళు వెళ్ళి రావచ్చు. అరవై దాటినవాళ్ళు ఒకసారి పైకెళ్తే వాళ్ళ ఊపిరితిత్తులు మళ్ళీ ఈ లోతు బరువుకి ఒప్పుకోవు. మా అత్త పైకెళ్తే ఇక రాదు.

డాక్టరు మాత్రలు రాశారు. "పొగాకులోని మందు మీ మెదడులో ఒక సీటులో కూర్చుంటుంది దానమ్మ గారూ. ఈ మాత్ర ముందే వెళ్ళి ఆ సీటులో కూర్చుంటుంది. చుట్ట తాగినా దానికి చోటు దొరకదు. రుచీ తెలీదు, అంత యావా ఉండదు."

"బస్సులో తుండుగుడ్డ ఏసీసినట్టు," అంది అత్త.

లోతూరులో బస్సు ఎక్కిన మనుషులు నలుగురో ఐదుగురో మిగిలారు. డాక్టరు ఒక నిమిషం ఆలోచించి, "అంతే," అన్నారు. తిండి తిన్నాకే వేసుకోవాలి, గ్లాసు నిండా నీళ్ళు తాగాలి, వికారం ఉంటుంది, కలలు ఎక్కువగా వస్తాయి, మనసు బాగోకపోతే వెంటనే వచ్చి చెప్పాలి. ఇవన్నీ చెప్పి చివర్లో, "మొదటి వారం చిన్న మాత్ర. ఆ వారం రోజులూ చుట్ట కాల్చుకోవచ్చు. తర్వాత పూర్తిగా మానాలి," అన్నారు.

"కాల్చుకోవచ్చా? ఈ ఊళ్ళోనా?" అన్నాను.

"వైద్యం అలాగే మొదలవుతుంది ముత్యాలు గారూ. ఎక్కడ కాల్చాలన్నది గాలి కాపరి చూసుకోవాలి."

దారి పొడుగునా అత్త ముఖం వెలిగిపోతూనే ఉంది. "డాకటరమ్మే కాల్సమంది. నానేటీ అననేదు, ఆవిడే అంది," అని నాలుగుసార్లు చెప్పింది.

నమోదు 66

తడి గది, పరీక్ష నిమిత్తం మూశాను. లోపలి గాలి సముద్రంలోకి వదిలాను. అంతా సవ్యం.

పరీక్షేమిటంటే మా అత్త. గజ ఈతగాళ్ళు బయటికి వెళ్ళే ఈ చిన్న గదిలో గాలి ఊరి గాలితో కలవదు. రోజూ మధ్యాహ్నం అందులో ఇద్దరం తలుపు బిగించుకుని కూర్చుంటున్నాం. ఆవిడ బుగ్గ ఉబ్బించుకుని కాలుస్తుంది, నేను ముక్కుకి గుడ్డ కట్టుకుని కాపలా కాస్తాను. చుట్ట నోట్లో ఉంటే మాట్లాడలేదు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ దొరకని అవకాశం, నేను మాట్లాడతాను ఆవిడ వింటుంది. ఇన్నేళ్ళలో చెప్పనివన్నీ చెప్పేశాను. ఆరబెట్టే యంత్రం బాగుచేసే సింహాద్రి నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే, అత్త ఒంటరిదైపోతుందని వద్దన్నానని కూడా చెప్పేశాను.

అత్త చుట్ట తీసి, "ఎర్రి మొకమా," అంది. మళ్ళీ పెట్టుకుంది. కాసేపటికి మళ్ళీ తీసి చూసుకుంది.

"సప్పగున్నాదే. తాటాకు నములుతున్నట్టున్నాది."

"మందు పనిచేస్తన్నాది."

"రాత్రి కలొచ్చింది. మనూరి సంత. మునగనేదు, ఏటీ నేదు. కావిడి నిండా సందువా సేపలు. ఒక్కోటీ ఎత్తి సూసుకున్నాను, సల్లగ తగిలింది సేతికి." ఆవిడ అరచెయ్యి చూసుకుంది. "మంచి మాతరే."

ఆ ముఖం చూస్తే నాకు ఎంత ముద్దొచ్చిందో రాయలేను. పని జరుగుతుందని మొదటిసారి నమ్మకం కలిగింది.

నమోదు 70

నిన్నటితో వారం అయింది. పెద్ద మాత్ర మొదలు. మిగిలిన పొగాకు అత్తే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇద్దరం దాన్ని నీళ్ళలో కలిపి పారబోశాం. మాత్ర షెడ్డులో భోజనం చేశాక వేసుకుంటానంది, ఖాళీ కడుపున తిప్పుతోందట. సరేనన్నాను.

షెడ్డు ముక్కు: గీత తగ్గింది. సింహాద్రి ఎదురుపడితే ఊరికే నవ్వాను. కంగారుపడ్డాడు పాపం.

నమోదు 77

గీత మళ్ళీ లేచింది. కొండ కాదు, గుట్ట. అయినా గుట్టే.

అత్తని అడిగితే, "నాను కాదు," అంది. కళ్ళలోకి చూడకుండా అంది. మాత్రల అట్ట చూశాను. ఏ రోజువి ఆ రోజు ఖాళీ అయ్యే ఉన్నాయి. ఒక్కటి తప్పలేదు. నోరు చూపించమంటే చూపించింది. మచ్చ అంగుళం కూడా కదల్లేదు. డాక్టరు ముఖం చిట్లించి, ఈ మందుకి ఇలా జరగకూడదే అన్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే పైకి పంపడం గురించి ఆలోచించాలట.

ఇంటికి వచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేసుకుంటూ కడిగాను. అత్త వాటిని ఒక్కోటీ తుడిచి బోర్లించింది. అదీ నాకు నచ్చలేదు.

నమోదు 78

ఈ నమోదు రాయడానికి కూర్చుని ఇప్పటికి రెండుసార్లు నవ్వాను, ఒకసారి ఏడ్చాను.

భోజనం వేళకి చెప్పకుండా షెడ్డుకి వెళ్ళాను. మూలన మా అత్త, పోలమ్మ, గురువమ్మ. ముగ్గురూ ఒకే ఊరి వాళ్ళు, ఒకే పడవలో నడి సముద్రం దాకా వచ్చి, ఒకే తొట్టిలో దిగినవాళ్ళు. మధ్యలో రొయ్యలు ఒలిచే బల్ల. బల్ల మీద మాత్ర. మా అత్త చేపల కత్తితో దాన్ని ముక్కలు చేస్తోంది. ఎంత శ్రద్ధగా అంటే, నేను వెనకాల నిలబడినా తెలియలేదు. మూడు ముక్కలు చేసింది. అందులో పెద్దది ఏరి పోలమ్మ చేతిలో పెట్టింది.

"ఏటత్తా ఇది?"

కత్తి కింద పడింది. గురువమ్మ తన ముక్క గబుక్కున మింగేసి నీళ్ళ కోసం వెతుక్కుంది.

"నువ్వు ఒక్కదానివే ఎయ్యాల్సిన మాతర అది! అందుకేనేటి నీకు తగ్గంది? మీరు ముగ్గురూ కాలుస్తన్నారా?"

"ముగ్గురం కాలుస్తాం. ఇప్పుడు కాదు, సిన్నప్పటి నుంచి," అంది గురువమ్మ, నీళ్ళు దొరికాక.

"మరి నాకు సెప్పనేదేటి?"

"నువ్వు గాలి కాపరివి గదే. సెప్తే పేరు రాయాల. రాయకపోతే నీకు మాటొత్తాది," అంది అత్త. తర్వాత గొంతు పెంచింది. "ఒలమ్మా, మంచి మందు, కల కూడా వత్తాది, నానొక్కద్దాన్నే ఎలగ మింగుతానే? సుట్ట కాల్సినప్పుడు ఒక్క సుట్ట ముగ్గురం లాగినాం. నిప్పు ఒకలి నోట్లోంచి ఒకలికి ఇచ్చుకున్నాం. ఇయ్యాల మందు దగ్గరికొచ్చేసరికి నానొక్కద్దాన్నే తినడవేటి? సిగ్గు నేదా నాకు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. మూడో వంతు మాత్ర ముగ్గురిలో ఎవరికీ పనిచెయ్యదని, మీరు చేసింది పంపకం కాదు పాడుపని అని, నీకేమైనా అయితే నేను ఏం కావాలని అరిచాను. అత్త విన్నది. పోలమ్మ మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా, తన చేతిలో ఉన్న పెద్ద ముక్కని మళ్ళీ బల్ల మీద మా అత్త వైపు జరిపింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆవిడ ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. బిడియం అనుకునేదాన్ని.

నమోదు 79

ముగ్గుర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరి మాత్రలు వాళ్ళకి రాయించాలని నా ఉద్దేశం.

గురువమ్మ వెంటనే నోరు తెరిచింది. చిన్న మచ్చ, అంత భయం లేదన్నారు. పోలమ్మ తెరవనంది. డాక్టరు బతిమాలారు, నేను బతిమాలాను. కొంగు తీయదు. అప్పుడు మా అత్త వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చుని తన నోరు బార్లా తెరిచింది.

"సూడు పోలీ. బాగా సూడు. ఎంత అసియ్యంగున్నాదో. నీది దీనికన్నా ఏటుంటాది?"

పోలమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగు తీసింది.

డాక్టర్ సువర్చల లైటు వేసి, ఆర్పి, మళ్ళీ వేశారు. నేనూ చూశాను. అది మచ్చ కాదు. డాక్టరు మమ్మల్ని భయపెట్టిన పుండు అదే. సరుకుల ఓడ వచ్చిన రోజే పైకి పంపాలి, కోయాలి, అంగిట్లో చాలా భాగం పోతుంది, ప్రాణం నిలవచ్చు అన్నారు. మాట మాత్రం ఇదివరకటిలా ఉండదన్నారు.

పోలమ్మకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆవిడ డాక్టరు చెప్పిందంతా విని, కొంగు మళ్ళీ నోటికి పెట్టుకుని, "మాతర మరి నాకొద్దేటి?" అని అడిగింది.

కావాలన్నారు డాక్టరు. కోసిన చోట మానాలంటే చుట్ట ఆగాలి. ముగ్గురికీ మూడు అట్టలు ఇచ్చారు. మిమ్మల్ని నమ్మను అని చెప్పి, రోజూ తన ఎదురుగానే మింగాలన్నారు.

నమోదు 92

షెడ్డు ముక్కు: గీత సాఫీగా, అరచేయంత చదునుగా ఉంది.

అత్త మూర్తీభవించిన చిరాకు. నా నడక బాగోలేదట, నేను వండిన అన్నం మెత్తబడిందట, సింహాద్రి మీసం వంకరట. దవడ ఊరుకోక ఎండు నెత్తళ్ళ చేపలు నములుతుంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఒకసారి పీట మీద కూర్చుని ఏమీ కారణం లేకుండా ఏడిస్తే నేను భయపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడి, ఇది మందు వల్ల వచ్చే దిగులు కాదు, పాత స్నేహం పోయిన దిగులు, అయినా కనిపెట్టి ఉండు అన్నారు.

ఇవాళ మచ్చ చూశారు. అంచులు కరిగాయి. మధ్యలో గులాబి రంగు వచ్చింది. "మీ అత్త ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నారు.

ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు! ఈ మాట మళ్ళీ రాసుకున్నాను, ఎవరేమనుకున్నా సరే. దారిలో సింహాద్రి కనబడితే అందరి ముందూ చెయ్యి పట్టుకుని చెప్పేశాను. ఇంటికి వచ్చి రొయ్యల ఇగురు చేశాను. అత్త మూడుసార్లు వేయించుకుంది. కారం తగిలినా కళ్ళు మూసుకోలేదు.

చెయ్యి కడుక్కుంటూ, మామూలుగా, పక్కింటికి వెళ్తున్నానన్నట్టు చెప్పింది.

"ఓడొచ్చినప్పుడు పోలితో నానూ ఎల్తాను."

నమోదు 93

రోజంతా దెబ్బలాడుకున్నాం. గాలి ఎలా ఉందో చూడలేదు. ఎవరూ చావలేదు కాబట్టి బాగానే ఉండి ఉంటుంది.

"నీకు తగ్గిపోనాది. ఇక్కడ ఉండడానికే గదా ఇన్ని పాట్లు పడినాం? నువ్వెల్తే మరి రానేవు. తెలుసా నీకు?"

"తెలుసు."

"పోలమ్మకి పైన ఆస్పత్రిలో అందరూ ఉంటారు."

"ఎవులుంటారే? రేపు దాని నోరు కోసేత్తారు. అది ఏదో అంటాది, ఎవులికీ తెల్దు. నొప్పంటాదా, దాహమంటాదా, దుప్పటి కప్పమంటాదా? అది కొంగడ్డం పెట్టుకుని మాటాడినా నాకు తెలుస్తాది. పైన అది మాటాడితే తెలిసే మనిసి ఒక్కలు ఉండొద్దేటి?"

ఓడిపోతున్నప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను. అరిచాను.

అత్త నన్ను అరవనిచ్చి, తర్వాత మెల్లగా అంది. "పోలికి సుట్ట నేర్పింది నానే. పదేళ్ళ గుంట అది. సలేత్తందంటే నా నోట్లో నిప్పు తీసి దాని నోట్లో ఎట్టినాను. దాని అంగిట్లో పుండు సగం నాదే, ముత్యాలూ. సగం పుండు దానికొగ్గీసి నానిక్కడ ఇగురు తింటా కూకుంటానా?"

"మరి నేనో?"

ఇంత వయసొచ్చి చంటిపిల్లలా అడిగాను. అడిగినందుకు సిగ్గుపడడం లేదు.

"నిన్ను పెంచీసినాను గదే తల్లీ," అంది. "నీకాడ నా పని అయిపోనాది. మంచిగా సేసినాను కూడా. ఇంక ఆ వంకర మీసమోడు నిన్ను సూసుకుంటాడు. నువ్వాడ్ని సూసుకుంటావు. పోలికే ఎవులూ నేరు."

తొట్టి ఎక్కాలంటే గాలి కాపరి సంతకం కావాలి. ఊపిరి పరీక్ష చేసి, ఎక్కడానికి పనికొస్తారని నేను రాయాలి. చుట్ట మానకముందైతే మా అత్త ఊపిరికి ఎవరూ సంతకం పెట్టేవారు కాదు. ఇప్పుడు గొట్టంలో ఊదమంటే సూది చివరి గీత తాకేదాకా ఊదింది. ఊది, నన్ను చూసి నవ్వింది. నాకోసం మాన్పించిన చుట్ట ఆవిణ్ణి నా దగ్గర్నుంచి తీసుకుపోతోంది. సంతకం పెట్టకుండా రెండు పూటలు కాగితం దాచుకున్నాను. మూడో పూట పోలమ్మ మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, "దాన్ని రానీకు ముత్యాలూ. నానొక్కద్దాన్నే ఎల్తాను," అని కొంగులోంచి చెప్పి వెళ్ళిపోయింది. నాలుగు మాటలు అనడానికి ఆవిడ ఎంత కష్టపడిందో చూశాను.

సంతకం పెట్టాను.

నమోదు 101

తొట్టి బయల్దేరింది. లోపల ఇద్దరు. వాసుపల్లి దానమ్మ, బడే పోలమ్మ. మంచినీళ్ళు, తిండి, దుప్పట్లు, మిగిలిన వారాల మాత్రలు, ఎండు నెత్తళ్ళ మూట. గురువమ్మ తొట్టి గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. సింహాద్రి మెల్లగా ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళాకే గొలుసు కదిపాను.

లోతు బరువు ఒంట్లోంచి దిగాలంటే తొట్టి చాలా నెమ్మదిగా లేవాలి. రోజులు పడుతుంది. అన్నాళ్ళూ నేను మీట దగ్గరే కూర్చుంటాను. ఫోను ఉంది. అత్త గంటకోసారి మోగిస్తోంది, అన్నం తిన్నావా అని.

నమోదు 103

ఇవాళ ఒక సంగతి జరిగింది.

మేం పీల్చే తేలిక వాయువు వల్ల లోతూరులో అందరి గొంతులూ సన్నగా, పిట్టల గొంతుల్లా ఉంటాయి. గట్టు మీదివాళ్ళు ఫోనులో వింటే నవ్వుతారు. మాకు అదే గొంతు. వేరే గొంతు ఉంటుందని ఎప్పుడూ తట్టదు. తొట్టి లేస్తున్నకొద్దీ లోపల ఆ వాయువు తీసేసి గట్టు గాలి నింపుతూ వస్తాం. పొద్దున ఫోను మోగితే ఎత్తాను. ఎవరో పెద్దావిడ "ఒలే ముత్యాలూ" అంది.

ఎవరండీ అన్నాను.

"నీ యమ్మ కడుపు సల్లగుండ, మీ అత్తనే!"

బొంగురుగా, వెడల్పుగా, గుండెల్లోంచి వచ్చే గొంతు. అలల మీంచి పడవకి వినబడేలా కేకేసిన గొంతు. ఈ మనిషితో నా బతుకంతా గడిపాను, ఈ గొంతు ఎరగను. కాదు, ఎరుగుదును. మూడు నెలల పిల్లగా గట్టు మీద ఉన్నప్పుడు నన్ను ఏడుపు మాన్పించింది ఈ గొంతే అయ్యుండాలి. నాకు జ్ఞాపకం లేదు. అయినా వినగానే నా ఏడుపు ఆగలేదు.

"ఏటే? ఏటయినాది?"

"ఏటీ నేదు. మాటాడు అత్తా."

"ఏటి మాటాడాల?"

"ఏదైనా."

మాట్లాడింది. సందువా ముల్లు తీయడం దగ్గర్నుంచి, మా అమ్మ నడక దాకా. మా అమ్మ కొంచెం ఎడమకి ఒరిగి నడిచేదట, నేనూ అంతేనట. పక్కన పోలమ్మ మధ్య మధ్యలో ఏదో అంటోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మీ నాయినది కూడా పెద్ద గొంతని పోలి సెప్తంది," అని అత్త చెప్పింది.

నమోదు 104

ఇవాళ చేరాలి. పైన ఓడవాళ్ళు తొట్టి నీడ కనబడుతోందని చెప్పారు. నేను మీట ఆపేశాను.

ఎందుకాపారని ఓడవాళ్ళు అడిగారు. బరువు సర్దుతున్నానన్నాను. డాక్టరు నా వెనకాలే నిలబడి ఉన్నారు, నా అబద్ధం విన్నారు. ఒక పూట ఆలస్యమైతే రోగికి ప్రమాదం లేదు, అని మాత్రం అని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అత్త మాట్లాడుతోంది. తొట్టి కిటికీలోంచి వెలుగు వస్తోందట. ఇన్నేళ్ళ తర్వాత చూస్తే కళ్ళు చిట్లించాల్సి వస్తోందట. నీళ్ళు పైన ఆకుపచ్చగా ఉన్నాయట. నేను ఊఁ కొడుతున్నాను. ఇంకో మాట, ఇంకో మాట అనుకుంటూ ఫోను చెవికి అదుముకుని కూర్చున్నాను. ఓడకి చేరితే ఈ తీగ ఊడదీస్తారు.

చాలాసేపటికి అత్త మాటల మధ్యలో ఆగింది.

"తొట్టి కదల్దేమే?"

"బరువు సర్దుతన్నాను."

ఇంత దూరం నుంచీ ఆవిడకి నా ముఖం కనబడినట్టుంది. పోలమ్మ ఊపిరి పెద్దగా వినిపిస్తోంది. తర్వాత ఆ బొంగురు గొంతు, ఎప్పుడూ లేనంత మెత్తగా వచ్చింది.

"పోలికి నొప్పెడతంది, ముత్యాలూ. ఎత్తవే తల్లీ."

ఎత్తాను.